వేడి ప్రాంతంలో ఏ ఆర్కిడ్ పెంచాలి? డెండ్రోబియం నుంచి ఫెలనాప్సిస్ దాకా ఒక పోలిక

ఆర్కిడ్‌ను ఎక్కువమంది పువ్వు చూసి కొంటారు. చల్లటి చోట ఈ పద్ధతి చెల్లుతుందేమో గానీ, ఎండ 40 డిగ్రీలు తాకే చోట చెల్లదు. అక్కడ మొక్క బతుకుతుందా, పూస్తుందా అన్నది తేల్చేవి మూడు: మీ గాలిలో తేమ, రాత్రిపూట చల్లదనం, రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పట్టగలరన్నది. పువ్వు రంగు ఆ తర్వాతి సంగతి. "వేడిని తట్టుకుంటుంది" అన్న ఒక్క మాట నమ్మి వాండా కొని, పొడి వడగాలిలో వేలాడదీసి, రెండు నెలల్లో ఎండబెట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. వాండా వేడిని తట్టుకునే మాట నిజమే, కానీ పొడిని తట్టుకోదు.

అందుకే ముందు మీ చోటు ఎలాంటిదో చూసుకుందాం. మొక్కల సంగతి తర్వాత.

ముందు చూసుకోవాల్సినవి

*ఏ రకం వేడి?* వేడి రెండు రకాలు. మొదటిది పొడి వేడి: పగలు 40 దాటుతుంది, మధ్యాహ్నం గాలిలో తేమ 20–30 శాతానికి పడిపోతుంది, వడగాలి కొడుతుంది, కానీ తెల్లవారుజాముకు కాస్త చల్లబడుతుంది. రెండోది ఉక్కపోత వేడి: పగలు 33–36 డిగ్రీలే, తేమ మాత్రం 75 శాతానికి పైన, రాత్రి కూడా 27–28 దగ్గరే ఉంటుంది. పొడి వేడిలో ఆర్కిడ్లు ఎండిపోయి చస్తాయి, ఉక్కపోతలో కుళ్లి చస్తాయి. ఒకదానికి రాసిన సలహా రెండోదానికి పనికిరాదు. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలతో పాటు తేమ కూడా చూపే చిన్న మీటరు ఒకటి కొని, మొక్క పెట్టబోయే చోటనే వారం రోజులు ఉంచండి. మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారుజామున రీడింగు రాసుకోండి. వాతావరణ వార్తల్లో చెప్పే అంకె ఇక్కడ పనికిరాదు. సిమెంటు గోడ పక్కన ఉన్న బాల్కనీ బయటి గాలి కంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది.

*రాత్రి ఎంత చల్లబడుతుంది?* దళసరి ఆకులున్న ఆర్కిడ్లు చాలావరకు ఆకు రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. బొగ్గుపులుసు వాయువును రాత్రి పీల్చి దాచుకుని, పగటి వెలుతురులో వాడుకుంటాయి. ఎండలో నీరు పోగొట్టుకోకుండా ఉండేందుకు వాటికున్న ఏర్పాటు ఇది. రాత్రి కూడా 28కి తగ్గకపోతే రంధ్రాలు సరిగ్గా తెరుచుకోవు, పైగా పగలు సంపాదించిన చక్కెరలో ఎక్కువ భాగం శ్వాసకే ఖర్చయిపోతుంది. మొక్క పచ్చగానే కనిపిస్తుంది, పెరగదు. పగటి వేడికి భయపడేవాళ్లు రాత్రి అంకెను పట్టించుకోరు గానీ, పూతను తేల్చేది చాలాసార్లు అదే.

*వెలుతురు.* మిట్టమధ్యాహ్నం ఆకుకు అడుగు ఎత్తున చెయ్యి పెట్టండి. నీడ అంచులు పదునుగా పడితే అది వాండాకి తగిన వెలుతురు. మసకగా, అయినా వేళ్లు విడివిడిగా కనిపించేలా పడితే డెండ్రోబియం, కాట్లేయా, ఆన్సీడియంలకు సరిపోతుంది. నీడ ఉందా లేదా అన్నట్టు ఉంటే ఫెలనాప్సిస్ తప్ప ఇంకేదీ పెట్టకండి.

*నీళ్లు పట్టే తీరిక.* ఇక్కడ నిజాయితీగా లెక్క వేసుకోవాలి. సెలవు రోజున ఎంత తీరిక ఉందని కాదు, బాగా పని ఉన్న రోజున ఎంత ఉంటుందని చూడండి.

*నీటి గుణం.* బోరు నీటిలో లవణాలు ఎక్కువ. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 200 పీపీఎం లోపు చూపితే ఏ ఆర్కిడ్‌కైనా ఇబ్బంది లేదు. 500 దాటితే సన్నని వేర్లున్న ఆన్సీడియం లాంటివి ముందు దెబ్బతింటాయి, వేరు కొసలు నల్లబడతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకోవడం మంచిది. లేదా ఆర్‌వో నీటిలో మామూలు నీళ్లు సగం కలిపి వాడండి. ఆర్‌వో యంత్రం వదిలేసే వృథా నీటిని మాత్రం పోయకండి, లవణాలన్నీ ఉండేది అందులోనే.

పోలిక పట్టిక

| రకం | షేడ్‌నెట్ నీడ | తట్టుకునే పగటి వేడి | కావలసిన తేమ | ఎండాకాలంలో నీళ్లు | పూత |
|---|---|---|---|---|---|
| డెండ్రోబియం (ఫెలనాప్సిస్ తరహా) | 40–50 శాతం | 38 దాకా | 50 శాతం పైన | రోజుకోసారి | ఏడాదికి 2–3 సార్లు, 6–8 వారాలు |
| వాండా | 30–50 శాతం | తేమ ఉంటే 38 | 70 శాతం పైన | రోజుకు 2–3 సార్లు | ఏడాదికి 2–4 సార్లు, 3–4 వారాలు |
| మొకారా | 0–30 శాతం | 38 దాకా | 60 శాతం పైన | రోజుకు 1–2 సార్లు | దాదాపు ఏడాదంతా విడతలుగా |
| ఫెలనాప్సిస్ | 75–80 శాతం | 32–35 | 60 శాతం | 2–4 రోజులకోసారి | ఏడాదికోసారి, 2–3 నెలలు |
| కాట్లేయా | 50 శాతం | 35 | 50–60 శాతం | 2–3 రోజులకోసారి | ఏడాదికి 1–2 సార్లు, 2–3 వారాలు |
| ఆన్సీడియం | 50 శాతం | 35 | 50–60 శాతం | రోజు విడిచి రోజు | ఏడాదికి 1–2 సార్లు, 4–6 వారాలు |

షేడ్‌నెట్ శాతం అంటే ఆ నీడ వల అడ్డుకునే వెలుతురు. "తట్టుకునే వేడి" అంటే నీడ, గాలి, తడి సరిగ్గా అందుతుంటే ఆ మధ్యాహ్నం గడిచిపోతుందని అర్థం. ఆ వేడిలో మొక్క ఆనందంగా పెరుగుతుందని కాదు. 38 దాటాక దాదాపు అన్ని ఆర్కిడ్లూ పెరుగుదల ఆపేస్తాయి.

డెండ్రోబియం: ఎటూ తేల్చుకోలేకపోతే ఇదే

మొదటి ఆర్కిడ్‌గా వేడి ప్రాంతంలో దీనికి సాటి వచ్చేది లేదు. లావుపాటి గడల్లో (కాండాల్లో) నీరు, ఆహారం దాచుకుంటుంది కాబట్టి ఒకరోజు నీళ్లు మర్చిపోయినా క్షమిస్తుంది. ఉక్కపోతలోనూ పెరుగుతుంది, కాస్త శ్రద్ధ పెడితే పొడి వేడిలోనూ నిలబడుతుంది.

అయితే ఈ పేరుతో రెండు వేరువేరు తరహాల మొక్కలు దొరుకుతాయి. గడ చివర నుంచి పొడవాటి కాడ వచ్చి, దాని మీద వరసగా పూలు పూసేది ఫెలనాప్సిస్ తరహా. మనకు కావలసింది అది. గడ పొడవునా కణుపు కణుపుకీ రెండు మూడు పూలు గుత్తిగా వచ్చేది నోబైల్ తరహా. దీనికి చలికాలంలో కొన్ని వారాల పాటు రాత్రి 10–14 డిగ్రీలు ఉండాలి, ఆ సమయంలో నీళ్లు బాగా తగ్గించాలి. ఆ చలి దొరకకపోతే పూమొగ్గ రావాల్సిన కణుపు నుంచి పిల్లమొక్క వస్తుంది. పిల్లలు బాగానే పెరుగుతాయి, పువ్వు మాత్రం రాదు. పూలు లేని మొక్క కొంటుంటే ఏ తరహానో అడిగి తెలుసుకోండి, లేదా గడ చివర పాత పూకాడ మచ్చ ఉందో లేదో చూడండి.

కుండీ చిన్నదై ఉండాలి. నాలుగైదు గడలున్న మొక్కకు 10–12 సెంటీమీటర్ల కుండీ చాలు. మొక్క పైకి బరువుగా, కుండీ కింద చిన్నగా ఉండటం చూసి పెద్ద కుండీలోకి మార్చాలనిపిస్తుంది. అక్కడే వేరు కుళ్లు మొదలవుతుంది. పెద్ద కుండీ మధ్య భాగం రోజుల తరబడి ఆరదు. కుండీ పడిపోతోందని భయమైతే దాన్నే బరువైన మరో మట్టి కుండీలో నిలబెట్టండి. నింపేందుకు కట్టెబొగ్గు ముక్కలు రెండు పాళ్లు, ఇటుక లేదా పెంకు ముక్కలు ఒక పాలు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు వాడండి. పొడి వేడి ఉన్న చోట డొక్క పాలు రెట్టింపు చేయండి, వానలు ఎక్కువున్న చోట పూర్తిగా మానేయండి. డొక్కను వాడేముందు రెండు మూడు రోజులు నానబెట్టి రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే దానిలోని ఉప్పు వేర్లను కాలుస్తుంది.

ఆకులు రాలిన ముసలి గడలను చాలామంది శుభ్రం కోసం కోసేస్తారు. కోయకండి. అవి కొత్త గడకు ఆహారం అందించే గోదాములు, పైగా ఆకు లేని గడ నుంచి కూడా మరుసటి ఏడాది పూకాడ రావచ్చు. ముడతలు పడి, పసుపు తిరిగి, నొక్కితే డొల్లగా ఉన్నదాన్ని మాత్రమే తీసేయాలి.

పూయకపోవడానికి ప్రధాన కారణం వెలుతురు చాలకపోవడం. ముదురు ఆకుపచ్చ ఆకులు, సన్నగా సాగిన గడలు దీనికి గుర్తు. కాస్త పసుపు కలిసిన ఆకుపచ్చ ఉండాలి. వెలుతురు పెంచాలనుకుంటే రెండు వారాలకు ఓ మెట్టు చొప్పున ఎండలోకి జరపండి. నీడలో పెరిగిన ఆకును ఒక్కసారిగా ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నంలో తెల్లగా మాడిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. మొగ్గలు విచ్చుకోకుండా పసుపు తిరిగి రాలిపోతుంటే పొడి వేడిగాలిని అనుమానించండి, లేదా మొగ్గ మీద ఉన్నప్పుడు కుండీ చోటు మార్చారేమో గుర్తు తెచ్చుకోండి.

వాండా: గాలిలో తేమ ఉంటే రాణి, లేకపోతే రోజుకు మూడుసార్ల చాకిరీ

వాండా వేర్లు గాలిలో వేలాడతాయి. వాటి మీద స్పాంజి లాంటి పొర ఉంటుంది. ఎండినప్పుడు వెండి తెలుపు, తడిసినప్పుడు ఆకుపచ్చ. దీనికి గడలు లేవు, నీరు దాచుకునే చోటు లేదు. ఆకులో, వేరులో ఉన్నంతే. కాబట్టి ఉక్కపోత ప్రాంతంలో ఇది దాదాపు సొంత ఊళ్లో ఉన్నట్టే పెరుగుతుంది, పొడి ప్రాంతంలో ప్రతి మధ్యాహ్నమూ దీనికి పరీక్షే.

నీళ్లు పట్టే పద్ధతి ఇలా. ముందు వేర్లను ఓసారి తడపండి. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ తడపండి. మొదటి తడికి స్పాంజి పొర మెత్తబడుతుంది, రెండోసారికి నిజంగా పీల్చుకుంటుంది. వేరంతా ఆకుపచ్చగా మారిందా అని చూసుకోండి, తెల్లటి మచ్చలు మిగిలితే అక్కడ నీరు అందలేదని లెక్క. ఇంకో దారి, బకెట్టులో 15 నిమిషాలు ముంచడం. కానీ ఒకే బకెట్టులో అన్నిటినీ ముంచితే ఒక మొక్క రోగం అన్నిటికీ పాకుతుంది. పైపు వాడేటట్టయితే ఎండలో పడున్న పైపులోని మొదటి నీళ్లను పారబోయండి. ఆ నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, వేరు కొసలను ఉడికిస్తాయి. ఆకు మీద నీటిబొట్టు భూతద్దంలా పనిచేసి కాలుస్తుందని అంటారు గానీ, నిజంగా కాల్చేది ఈ పైపు నీళ్లే.

కింది ఆకులు ఒకదాని తర్వాత ఒకటి రాలడం, మిగిలిన ఆకుల మీద పొడవునా ముడతలు రావడం దాహానికి గుర్తులు. దీన్ని పొడి ప్రాంతంలో పెంచి తీరాలనుకునేవాళ్లు ఉత్త బుట్టలో వేలాడదీయడం మానేయాలి. పక్కల కన్నాలున్న మట్టి కుండీలో నాలుగైదు సెంటీమీటర్ల పెద్ద బొగ్గు ముక్కలు వేసి, పై వేర్లు బయటికి ఉండేలా నిలబెట్టండి. మట్టి, బొగ్గు రెండూ తడిని కొన్ని గంటలు పట్టి ఉంచుతాయి, రోజుకు ఒకటి రెండుసార్ల నీళ్లతో గడుస్తుంది. గాలికి అలవాటుపడ్డ వేర్లు కుండీలోకి మారడానికి కొంత కాలం తీసుకుంటాయి, కాబట్టి ఈ మార్పు ఎండాకాలంలో చేయకండి. వానలు మొదలై కొత్త వేరు కొసలు కనిపించినప్పుడు చేయండి.

వాండాల్లోనూ ఎంపిక ఉంది. వెడల్పు పట్టీ ఆకులున్నవాటికి 30–50 శాతం నీడ. పెన్సిల్‌లా గుండ్రటి ఆకులున్నవి పూర్తి ఎండ కోరతాయి, కర్రకు ఎగబాకుతూ కొమ్మ చివర ఆ కర్రను దాటాకే పూస్తాయి. సింగపూర్ 1981లో జాతీయ పుష్పంగా ఎంచుకున్న "మిస్ జోకిమ్" ఈ రెండో కోవదే. బాల్కనీలో గుండ్రాకు వాండా పెట్టుకుని పూలకోసం ఎదురుచూడటం వృథా. నీలం పూల వాండాలకు మూలమైన వాండా సెరూలియా కొండ ప్రాంతపు మొక్క, దానికి చల్లటి రాత్రులు కావాలి. మార్కెట్లో దొరికే నీలం సంకరాల్లో ఫిలిప్పీన్స్ పల్లపు ప్రాంతపు వాండా సాండెరియానా రక్తం కలిసి ఉంటుంది కాబట్టి అవి వేడికి చాలావరకు ఓర్చుకుంటాయి. మొదటిసారి వాండా పెంచేవాళ్లకు మా సలహా చిన్న పూల రకం, ఒకప్పుడు ఆస్కోసెండా అని పిలిచినవి. మొక్క పొట్టిగా ఉంటుంది, తొందరగా పూస్తుంది, తప్పులను కాస్త ఓర్చుకుంటుంది.

మొకారా

వాండా, అరాక్నిస్, ఆస్కోసెంట్రమ్ అనే మూడు ఆర్కిడ్ ప్రజాతులను కలిపి తెచ్చిన సంకరం. ఇది కుండీ మొక్క కంటే తోట మొక్క అనడం న్యాయం. ఎండ పడే చోట, కొబ్బరి డొక్కలు పరిచిన ఎత్తు మడిలో, కర్రల ఆసరాతో వరసగా నాటితే ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తుంది, కోసిన పూలు వాజులో రెండు వారాలు కూడా నిలుస్తాయి. మనిషెత్తు పెరిగాక, తనకంటూ మూడు నాలుగు మంచి వేర్లున్న పైభాగాన్ని కోసి వేరుగా నాటుకోవచ్చు. కింది మొద్దు నుంచి కొత్త పిలకలు వస్తాయి. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ లేకపోతే ఈ రకం జోలికి వెళ్లవద్దు.

ఫెలనాప్సిస్: పూలతో వస్తుంది, మళ్లీ పూయించడమే లెక్క

అంగడిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. రెండు మూడు నెలలు పూలు నిలుస్తాయి, ఇంట్లో కిటికీ పక్క వెలుతురు చాలు. వేడిలో చావదు, నీడ, తేమ ఉంటే కొత్త ఆకులు కూడా పెడుతుంది. సమస్య పూతతోనే.

పూకాడ పుట్టాలంటే పగటి ఉష్ణోగ్రత కొన్ని వారాల పాటు 26 డిగ్రీల లోపు ఉండాలి. 28 పైన ఉన్నంతకాలం మొక్క ఆకులు పెడుతూనే ఉంటుంది. కాబట్టి అసలు ప్రశ్న ఇది: మీ దగ్గర ఏడాదిలో ఐదారు వారాలు అలాంటి చల్లదనం దొరుకుతుందా? చలికాలం ఉన్న ప్రాంతమైతే దానంతట అదే జరుగుతుంది. ఏడాదంతా ఉక్కపోతే అయితే ఏసీ గదే శరణ్యం. ఏసీ 22–25 డిగ్రీల మధ్య రోజులో ఎక్కువ గంటలు నడిచే గదిలో, కిటికీ వెలుతురు తగిలే చోట ఆరు వారాలు ఉంచండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, మొగ్గలు ఎండి రాలిపోతాయి. చీకటి మూలలో ఉంచితే చల్లదనం ఉన్నా పూకాడ రాదు, వెలుతురూ కావాలి. ఈ రెండు ఏర్పాట్లలో ఏదీ కుదరనివాళ్లు ఫెలనాప్సిస్‌ను మూడు నెలలు నిలిచే పూలగుత్తిగా భావించి కొనుక్కోవచ్చు. అందులో తప్పేమీ లేదు, ఏటా పూయాలని ఆశపడితేనే నిరాశ.

కొన్నప్పుడు వేర్ల చుట్టూ బిగుతుగా కుక్కిన నాచు ఉంటుంది. పైన ఎండినట్టు కనిపిస్తున్నా నడిమధ్య తడిగానే ఉంటుంది, వేడిలో ఆ తడి వేర్లను కుళ్లబెడుతుంది. అందుకే పైన ముట్టుకుని చూసి నీళ్లు పోయవద్దు, కుండీ ఎత్తి బరువు చూడండి. పూలు రాలాక నాచు తీసేసి, వేలి కొసంత బొగ్గు, బెరడు ముక్కల్లోకి మార్చండి. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయితే వేరు రంగు చూసి నీళ్లు పోయవచ్చు: వెండి తెలుపు అయితే పోయాలి, ఆకుపచ్చ అయితే ఆగాలి.

ఆకుల నడుమ నిలిచే నీళ్లు దీనికి ప్రాణాంతకం. ఒక్క రాత్రి ఉక్కలో అక్కడ నీళ్లుంటే నడిమి ఆకు మొదట్లో కుళ్లి ఊడి వస్తుంది. ఉదయమే నీళ్లు పోసి, నడుమ నిలిచినదాన్ని టిష్యూ కాగితంతో ఒత్తి తీసేయండి. పూలయ్యాక కాడను కింది నుంచి రెండో లేదా మూడో కణుపు పైన కోస్తే పక్క కాడ రావచ్చు. కానీ ఆకులు మూడు కంటే తక్కువున్నా, వాడిపోయి ఉన్నా, మొదటికంటా కోసేయడమే మేలు.

కాట్లేయా: ఊళ్లు తిరిగేవాళ్లకు

వారానికి రెండు రోజులు ఇంట్లో ఉండనివాళ్లకు డెండ్రోబియం కంటే కూడా ఇదే నప్పుతుంది. తడికీ తడికీ మధ్య పూర్తిగా ఆరడం దీనికి ఇష్టం. పువ్వు పెద్దది, చాలా రకాలకు మంచి వాసన. ఇబ్బంది రెండు చోట్ల. పూత రెండు మూడు వారాలే. రెండోది, కుండీ మార్చే వేళ తప్పితే ఏడాది పోయినట్టే. కొత్త పిలక మొదట్లో వేరు మొటిమలు కనిపించినప్పుడే మార్చాలి. ముందు వెనకలైతే పాత వేర్లు విరిగి, కొత్తవి రాక, మొక్క నెలల తరబడి ముడుచుకుపోతుంది. ఒక్కో గడకు రెండు ఆకులుండే రకాలకు ఈ పట్టింపు మరీ ఎక్కువ.

వేడి బాగా ఎక్కువున్న చోట పెద్ద పూల కాట్లేయాల కంటే దాని బంధువు బ్రాసవోలా నోడోసా మేలు. కండగల సన్నటి ఆకులు, తెల్లటి పూలు, చీకటి పడ్డాక ఘుమాయించే వాసన. చెక్క ముక్కకు కట్టి ఎండ తగిలేలా ఉంచితే అడపాదడపా పూస్తూనే ఉంటుంది.

ఆన్సీడియం, నేల ఆర్కిడ్లు

ఆన్సీడియం పసుపు పూల తెర అందంగా ఉంటుంది గానీ వేర్లు సన్నవి, ఉప్పునీటిని భరించవు. లేత ఆకు పెరిగేటప్పుడు నీరు తగ్గితే ఆ ఆకు విసనకర్రలా మడతలు పడి వస్తుంది, తర్వాత ఎంత నీరు పోసినా ఆ మడత పోదు. బోరు నీళ్లే దిక్కయినవాళ్లు దీన్ని వదిలేయండి.

పెరట్లో మడి ఉన్నవాళ్లు స్పాథోగ్లాటిస్ ప్లికేటాను, రెల్లు కాడల ఎపిడెండ్రమ్‌ను తప్పక చూడాలి. స్పాథోగ్లాటిస్ నీరు నిలవని ఇసుక మట్టి, ఆకు ఎరువు మిశ్రమంలో పెరుగుతుంది, పొద్దుటి ఎండ చాలు. ఎపిడెండ్రమ్ పూర్తి ఎండలోనూ పూస్తుంది, పూసిన కాడ మీదే పిల్లమొక్కలు వేస్తుంది. ఆర్కిడ్ పిచ్చి ఉన్నవాళ్లు వీటిని కాస్త చిన్నచూపు చూస్తారు, కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు పూలు చూపించేవి ఇవే.

మీరు ఎవరైతే ఏది

పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చే ఉద్యోగం, మూడు నాలుగు గంటల పొద్దుటి ఎండ పడే బాల్కనీ: ఫెలనాప్సిస్ తరహా డెండ్రోబియం. రెండు మూడు కుండీలతో మొదలుపెట్టండి, కుండీలు దగ్గర దగ్గరగా ఉంటే వాటి మధ్య తేమ నిలుస్తుంది. పడమటి బాల్కనీ అయితే 50 శాతం షేడ్‌నెట్ కట్టాకే మొక్క తేవాలి.

పొడి వేడి, మేడ మీద షేడ్‌నెట్ పందిరి: డెండ్రోబియం ప్రధానంగా, తోడుగా బ్రాసవోలా, కాట్లేయా. వాండా ఒకటి రెండు, బొగ్గు కుండీల్లో. నెట్ మొక్కలకు కనీసం రెండు మీటర్ల ఎత్తున కట్టాలి, మరీ కిందికి కడితే వేడి గాలి దాని కింద చిక్కుకుంటుంది. మధ్యాహ్నం నేల తడపడం, కుండీల కింద గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు ఉంచడం ఇక్కడ బాగా పనిచేస్తాయి, నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది.

ఉక్కపోత ప్రాంతం, ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు: వాండా, మొకారాలకు ఇంతకంటే మంచి చోటు లేదు. ఇక్కడ నేల తడపడం దండగ, గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంది. ఆ ఖర్చు ఒక ఫ్యాను మీద పెట్టండి. ఆకులు సాయంత్రంలోగా ఆరిపోవాలి. ఎడతెరిపి లేని వానల్లో పైన పారదర్శకమైన షీటు కావాలి, డెండ్రోబియం, కాట్లేయాలకు మరీ ముఖ్యం. ఆ రోజుల్లో లేత పిలకలు మొదట్లో నల్లబడి నీరు కారుతూ కుళ్లితే, కుళ్లు కనిపించిన చోటికి రెండు సెంటీమీటర్ల కిందిదాకా కోసి, కోత మీద దాల్చినచెక్క పొడి అద్ది, నాలుగైదు రోజులు నీళ్లు ఆపండి. కత్తిని ప్రతి మొక్కకూ మంట మీద కాల్చాలి. దాల్చినచెక్క పొడి వేరుకు తగలనీయవద్దు, వేరును ఎండబెడుతుంది.

ఎండే పడని ఇల్లు, ఏసీ గది ఉంది: ఫెలనాప్సిస్ ఒక్కటే.

సింబీడియం పెద్ద పూల సంకరాలు, మిల్టోనియాప్సిస్, మాస్డెవాలియాలను మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనకండి. మొదటిది బతుకుతుంది గానీ చల్లటి రాత్రులు లేక పూయదు. మిగతా రెండూ ఒక ఎండాకాలం దాటవు. సింబీడియమే కావాలంటే దళసరి ఆకుల అలోయిఫోలియం ఉంది, వేలాడే పూకాడతో వేడిలోనే పూస్తుంది.

ఏది ఎంచుకున్నా ఎండాకాలంలో

నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 20-20-20 ఎరువు లీటరుకు ఒక గ్రాము, వారానికోసారి, ముందు మామూలు నీళ్లతో వేర్లు తడిపాకే. పగలు 38 దాటే వారాల్లో సగం చేయండి, లేదా ఆపేయండి. పెరగని మొక్కకు పోసిన ఎరువు కుండీలో ఉప్పుగా పేరుకుంటుంది. నెలకోసారి కుండీలో పట్టేదానికి మూడు నాలుగింతల నీళ్లు ధారగా పోసి కడిగేయాలి. మట్టి కుండీ అంచున తెల్లటి పూత కనిపిస్తే ఈ కడుగుడు ఆలస్యమైందని అర్థం. నల్ల ప్లాస్టిక్ కుండీకి నేరుగా ఎండ తగలనివ్వవద్దు.

మధ్యాహ్నం ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. చేతికి వేడిగా తగిలితే నీడ చాలడం లేదు, గాలి ఆడటం లేదు. ఆకు అడుగున వెండి మచ్చలు, సన్నటి దుమ్ము కనిపిస్తే అది ఎర్రనల్లి, పొడి వేడిలోనే చెలరేగుతుంది. మూడు రోజులకోసారి ఆకు అడుగు భాగాన్ని నీటిధారతో కడగడం ముందు మొదలుపెట్టి, తగ్గకపోతే నల్లి మందు వాడండి. వాండా, డెండ్రోబియం పూల రేకుల అంచులు గోధుమ రంగు తిరిగి మొగ్గలు వంకరపోతే తామర పురుగులు. పిండినల్లి, పొలుసు పురుగులు ఆకు మొదట్లో, గడ తొడుగుల కింద దాక్కుంటాయి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. తొడుగు ఒలిచి చూడకుండా పురుగు లేదని అనుకోవద్దు. వానాకాలంలో రాత్రి టార్చి వేసి నత్తలు చూడండి, లేత వేరు కొసలంటే వాటికి మక్కువ.

కొనేటప్పుడు

పూలు విచ్చుకున్నవాటికంటే మొగ్గలు ఎక్కువున్నది తీసుకోండి. మొక్కను మెల్లగా ఊపండి. కుండీలో వదులుగా కదిలితే వేర్లు పట్టలేదు, లేదా కుళ్లాయి. డెండ్రోబియంలో కొత్త గడ పాత గడ కంటే పొట్టిగా, సన్నగా ఉంటే మొక్క దిగజారుతోంది. వాండాలో వేరు కొసలు ఆకుపచ్చగానో ఎర్రగానో తడిగా మెరుస్తుండాలి, అన్ని కొసలూ తెల్లగా మూసుకుపోయి ఉంటే అది పెరుగుదల ఆపేసింది. నడి ఎండాకాలంలో కొనకుండా ఉండగలిగితే మంచిది. వానలు మొదలయ్యాక కొంటే కొత్త వేర్లు వచ్చే కాలం కలిసొస్తుంది.

తెచ్చాక రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా, అది ఉండాల్సిన దానికంటే ఒక మెట్టు ఎక్కువ నీడలో ఉంచండి. పురుగు ఉంటే ఈలోగా బయటపడుతుంది. ఎరువు, కుండీ మార్పిడి రెండూ ఆ రెండు వారాలూ ఆపండి. పూలున్న మొక్క అయితే కుండీ మార్పిడిని పూలు రాలేదాకా వాయిదా వేయండి.